చిక్కటి ఆయిల్

డిసెంబరులో గెర్నోట్ వైడ్లేకి పక్షవాతం తగిలి వదిలింది. నోరు వంకర పోలేదు, కాలు ఈడ్వలేదు. కుడిచెయ్యి మాత్రం కొన్ని వారాలు ఎవరిదో అయినట్టు ఒళ్ళో పడి ఉండేది. ఫిబ్రవరి దాటేసరికి వేళ్ళు ముడవడం, చాపడం వచ్చింది. బండి నడపవచ్చునని డాక్టరు అన్నాడు. గెర్నోట్ నమ్మలేదు. అతనికి డాక్టర్ల కన్నా గేర్‌బాక్సుల మీద గురి ఎక్కువ.

గరాజులో దుప్పటి కప్పుకున్న రెండు సీట్ల ఎర్ర స్పోర్ట్స్ కారు నంబరు ప్లేటు ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకానే చెల్లుతుంది. ఏటా ఏప్రిల్ ఒకటి పొద్దున్నే దాన్ని లేపి కొండదారి ఎక్కించడం అతనికి పండగ. ఈసారి ఆ పండగను పరీక్షగా మార్చాడు.

"చల్లటి బండి," అన్నాడు సూపు తాగుతూ. "వేడెక్కనివ్వను. మొదటి మలుపులో రెండో గేరు. ఈ చేత్తో పడిందా, నేను మనిషిని. పడలేదా, బండి అమ్మేస్తా."

"బాగానే ఉందని డాక్టరు చెప్పాడుగా," అంది భార్య ఇర్మెలా.

"వాడికేం తెలుసు రెండో గేరు సంగతి? ఆటోమేటిక్‌లో తిరిగే వెధవ."

ఆ చివరి మాటకి ఇర్మెలా చేతిలో గరిటె ఆగింది. జబ్బు పడిన నాటి నుంచి గెర్నోట్ ఎవరినీ తిట్టలేదు. రొట్టె కోసి పెడితే కృతజ్ఞత చెప్పేవాడు. ఒక సాయంత్రం ఆమె మణికట్టు పట్టుకుని, "నువ్వు లేకపోతే నేనేమైపోయేవాణ్ణో" అన్నాడు. ఆ మాటను ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు చప్పరింపు బిళ్ళలా నోట్లో తిప్పుకునేది, త్వరగా అరిగిపోకుండా. ఇప్పుడు చెయ్యి తిరిగి వస్తోంది. దాని వెనకే పాత మనిషి కూడా వస్తున్నాడు.

పెళ్ళైన కొత్తలో ఒక ఆదివారం ఆ పాత మనిషి ఆమెను బండి నడపనిచ్చాడు. రెండో గేరు కరకరమంది. అతను బండి ఆపించాడు. వెనక బళ్ళలో వస్తున్న కార్ల క్లబ్బు మిత్రులంతా దిగి చుట్టూ చేరేదాకా ఆగాడు. "గేరుకి క్షమాపణ చెప్పు" అన్నాడు. ఆమె గేరు కర్ర మీద అరచెయ్యి ఆనించి చెప్పింది. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ తరవాత అతన్ని క్షమించడం అంత కష్టం కాలేదు. తన నవ్వును మాత్రం క్షమించుకోలేకపోయింది.

మార్చి చివర, గెర్నోట్ చేతి వ్యాయామానికి వెళ్ళిన మధ్యాహ్నం, మెకానిక్ ఒట్మార్ ఎప్పటిలాగే ఇంటికొచ్చాడు. గరాజు నేలలో ఉన్న గుంటలో దిగి పాత గేర్ ఆయిల్ వంచేశాడు. తెచ్చిన డబ్బాలు గట్టు మీద పెట్టాడు.

"ఇది మామూలుగా పోసేదే, ఇర్మెలాగారూ. ఇది కొత్తది, పల్చన. లోపలి ఇత్తడి రింగుల్ని తినదు, చూసే తెచ్చా. గడ్డకట్టే చలిలో కూడా చిటికెనవేలితో గేరు పడిపోతుంది." ఇంట్లో ఎవరూ లేకపోయినా గొంతు తగ్గించాడు. "ఆయనకి చెప్పకండి. చెప్తే నన్ను ఈ గుంటలోనే పూడుస్తాడు. చెయ్యి బాగుపడిందనుకుని ముచ్చటపడతాడు. మనకేం పోయింది?"

"ఆ నల్ల డబ్బా?"

"అదా? గంజి. వేరే బండి కోసం తెచ్చా. అరిగిపోయి మోత చేసే గేర్‌బాక్సులకి పోస్తాం, నోరు మూయించడానికి. చలిలో రెండో గేరు బండరాయే. కాసేపు నడిచి వేడెక్కితే గానీ లొంగదు."

ఇర్మెలా గుంట అంచున నిలబడి చూసింది. పల్చటిది పోస్తే లేని బలాన్ని నమ్ముతాడు. చిక్కటిది పోస్తే లేని బలహీనతను నమ్ముతాడు. రెండు అబద్ధాల బరువూ ఒకటేనని తనకు తాను చెప్పుకుంది. మామూలు డబ్బా ఆ రెంటి మధ్యే ఉంది. దాని మీద నుంచి ఆమె చూపు తడి నేల మీద అడుగులా జారిపోయింది.

"ఆయన చిక్కటిదే పొయ్యమన్నాడు."

"ఈ చలికా? ఆయనకి మతి పోయిందా?"

"పరీక్ష కఠినంగా ఉండాలట."

ఒట్మార్ బుర్ర గోక్కుని, పకపకా నవ్వాడు. "ఆయనే! జబ్బు పడ్డా లేచినా ఆయన ఆయనే. ఆ వేరే బండివాళ్ళకి ఇంకో డబ్బా తెస్తాలెండి."

పంతానికి పేరుబడ్డ మనిషికి ఏ అబద్ధమైనా అతుకుతుందని ఆమె అంతవరకూ ఎరగదు.

ఏప్రిల్ ఒకటిన రోడ్డు వారల ఇంకా మురికి మంచు ఉంది. ఆమె పక్క సీట్లో కూర్చుంది. ఇంటి గేటు దగ్గరే మొదటి గేరు మొండికేసింది. అతను దాన్ని బలవంతంగా వేశాడు. మొదటి మలుపులో క్లచ్చి తొక్కి, కర్రను రెండో గేరులోకి లాగాడు. అది సగంలో ఆగింది. మళ్ళీ లాగాడు. మెడ మీద నరం తేలింది. క్లచ్చి వదిలి మళ్ళీ తొక్కి, భుజమంతా వాల్చి లాగాడు. లోపల ఏదో పళ్ళు కొరికింది.

చల్లటి గేర్‌బాక్సు బిగుసుకుంటుందని క్లబ్బులో కుర్రకారుకి పాఠం చెప్పేది గెర్నోటే. కానీ జీవితమంతా బండి మాట విన్న ఆ మనిషి ఆ పొద్దున చేతి మాట విన్నాడు. భయం చెవులకి తొందర ఎక్కువ.

'ఇంకొంచెం దూరం పోదాం, వేడెక్కనీ.' ఆ మాట ఇర్మెలా నాలుక మీదికి వచ్చింది. కంచె కర్రలు వెనక్కి పోవడం చూస్తూ దాన్ని మింగింది. బండి ఆగింది. అతను వెనక్కి తిప్పాడు. మొదటి గేరులోనే, ఇంజను ఏడుస్తుండగా, ఊరి మధ్య నుంచి వచ్చారు. బేకరీ ముందు జనం తలలు తిప్పి చూశారు.

"చూశావుగా?" అన్నాడు గరాజులో.

"చూశాను." ఆమె అతని చేతి మీద చెయ్యి వేసింది. "పోనీలే, గెర్నోట్." ఆ గొంతులో నిజమైన జాలి ఉంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకే తెలియలేదు.

ఆ తరవాతి వారాలు ఇంట్లో మెత్తగా గడిచాయి. అతను కుడిచెయ్యి జేబులోంచి తియ్యడం మానేశాడు. తలుపు తియ్యాలంటే ఆమెను పిలిచేవాడు, పిలిచి సిగ్గుపడేవాడు. ఆమెకు నిద్ర బాగా పట్టేది.

నెల తిరగకుండానే ఫ్రైబుర్గ్ నుంచి ల్యూడర్ అనే దంతవైద్యుడు బండి చూడటానికి వచ్చాడు. ఒంటరిగా కొండ చుట్టి వచ్చి, బండిని గరాజులో ఆపి, బుగ్గలు ఎర్రబడి దిగాడు.

"బంగారమండీ! మొదట్లో రెండో గేరు చచ్చినా పడలేదు. కొంటే మోసపోతాననుకున్నా. కొండెక్కేసరికి వెన్నే! ఇందులో ఏ ఆయిల్ పోశారు?"

"ఎప్పటిదే," అన్నాడు గెర్నోట్. తరవాత బండి వైపు తిరిగాడు. "చల్లారనివ్వండి. చూద్దాం. ఈలోగా కాఫీ తాగుదాం."

ఇర్మెలా కేకు కోసింది. ల్యూడర్ తన మొదటి బండి గురించి చెబుతూనే ఉన్నాడు. గెర్నోట్ కిటికీలోంచి గరాజు వైపు చూస్తున్నాడు. కాఫీ అయిపోయినా ఎవరూ లేవలేదు. 'నేనే ఇప్పుడు చెప్పేస్తే?' అనుకుంది ఆమె. చెప్పడానికి బదులు ల్యూడర్ పళ్ళెంలో ఇంకో ముక్క పెట్టింది.

చివరికి గెర్నోట్ లేచి, గుంటలోకి దిగాడు. స్పానర్ బిగించి, ఒక్క విసురుతో బిరడా విప్పాడు. రంధ్రంలో వేలు ముంచి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఆ నూనెను మెల్లగా రాశాడు. రాస్తున్నది కుడిచెయ్యి. ఆ సంగతి అతనూ ఆమె ఒకేసారి గమనించారు.

"చిక్కగా ఉంది కదూ?" అన్నాడు ల్యూడర్ పైనుంచి.

"చిక్కగానే ఉంది. మెకానిక్ పోసిన రోజు ఇంట్లో ఉన్నది మా ఆవిడే. ఆవిడ ఎంపిక. మామూలుది పోయించుకోండి, పొద్దున్నే కూడా వెన్నలా పడుతుంది." పైకొచ్చి గుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. "తాళాలు తీసుకోండి."

"అమ్మకు, గెర్నోట్," అంది ఇర్మెలా. "అమ్మక్కర్లేదు."

"చెయ్యి పడిపోయినవాడికి బండెందుకే?" అని నవ్వాడు. ల్యూడర్ కూడా మర్యాదకి నవ్వాడు.

మర్నాడు పొద్దున గెర్నోట్ వాకిట్లో బల్ల పక్కన కుర్చీలో కూర్చుని రెండు కాళ్ళూ చాపాడు.

"బూట్లు తొడుగు."

"నువ్వు తొడుక్కోగలవు."

"ఎవరన్నారు? నువ్వే కదా పరీక్ష పెట్టింది. నేను తప్పాను. నీ చేతే బతకాలి నేనిక, చచ్చేదాకా." ఆ మాట ఎంతో ఆప్యాయంగా అన్నాడు.

ఇర్మెలా మోకాళ్ళ మీద కూర్చుంది.

"గట్టిగా కట్టు, వదులుగా ఉంటే పడిపోతా. అలా కాదు. విప్పు. మళ్ళీ కట్టు."

ఆమె విప్పి, మళ్ళీ కట్టింది. పైన, బల్ల చెక్క మీద, అతని కుడిచేతి అయిదు వేళ్ళూ ఒకదాని వెంట ఒకటి చురుగ్గా దరువేస్తున్నాయి.