తకారము తెచ్చిన తంటా

కార్తికమాసారంభమున ఉత్తుంగతరంగసంఘాతసముద్ధూతశీకరములచే తడిసిన చల్లనిగాలి విశాఖపట్టణ సాగరతీరసౌధముల గవాక్షములను తట్టి లేపుచుండ, బాలభానుని యరుణకిరణములు నీలజలరాశిపై కుంకుమ చల్లినట్లు పరచుకొనుచుండ, ఆ తీరమునకు అనతిదూరమున నున్న యొక విశాలసభామందిరమున మాత్రము సూర్యుని చూచు తీరిక యెవ్వరికిని లేకుండెను. ఏలయన ఆనాడు పాలిటెక్నిక్ విద్యార్థులకు సైబరు రక్షణవిద్యయందు రాష్ట్రస్థాయి పోటీ జరుగుచుండెను.

ప్రతిజట్టునకును ఒక కల్పితచికిత్సాలయముయొక్క కంప్యూటరు అప్పగింపబడెను. అందలి రోగులు కల్పితులు, వారి వ్యాధులును కల్పితములే; దాడిచేయువారు మాత్రము మేడగదిలో కూర్చున్న ఆఱితేఱిన నిపుణులు. సాయంకాలపు గంట మ్రోగువఱకు రోగుల వివరములను కాపాడిన జట్టు జాతీయస్థాయి పోటీకి పోవును. కాపాడలేనిది ఇంటికి పోవును.

ఏలూరునుండి వచ్చిన జట్టున ముగ్గురు బాలికలు కలరు. నాయకురాలు జ్యోత్స్న మాట జోరు, నడక జోరు, కోపము మఱింత జోరు. మెహరున్నీసా తెఱపై కదలు ప్రతియక్షరమును కనిపెట్టుచుండునది. మూడవది మన కుందన. ఈమె వట్టి కంగారుమనిషి యని కళాశాలలో పలువురు పెదవి విఱువగా జ్యోత్స్న బల్ల చఱచి "కుందన లేకపోతే నేనూ వెళ్ళను" అని పట్టుబట్టి తీసికొనివచ్చెను. కావున ఓటమికంటె, తన్ను నమ్మినదాని మాట పోవునేమో యను భయమే కుందన గుండెను పట్టి పీడించుచుండెను.

మధ్యాహ్నమునకు దాడి ముమ్మరమయ్యెను. జ్యోత్స్న చికిత్సాలయద్వారమునకు పాత రహస్యపదమును తీసివైచి క్రొత్తది పెట్టినంతనే న్యాయనిర్ణేతలు నాయకులను ప్రక్కగదికి పిలిచిరి. రహస్యపదమును కాగితముపై వ్రాయరాదని శిక్షణలో నేర్చినదగుటచే ఆమె కుందన చెవిలో "తాటిముంజలు. ఇంగ్లీషులో, అన్నీ చిన్నక్షరాలే. మర్చిపోకే!" అని ఊది వడివడిగా వెడలిపోయెను.

అంతలో మెహరున్నీసా కెవ్వున కేకవేసెను. "కుందనా, ఎవడో లోపలికి దూరేశాడే! పేషెంట్ల వివరాలు చెరిపేస్తన్నాడు! తొందరగా లాగినై గెంటెయ్యే వాణ్ణి!"

కుందన టకటక కొట్టెను. యంత్రము తిరస్కరించెను. మరల చూచుకొనెను, వ్రేలు తప్పలేదు. అప్పుడు ఆమెకు అసలు చిక్కు తెలిసివచ్చెను. తెలుగుమాటను ఆంగ్లాక్షరములలో వ్రాయుటకు మనలో ఇద్దఱికైన పొత్తు కుదిరినదా? తకారమునకు ఉత్త 'టీ' చాలునని కుందన పద్ధతి. జ్యోత్స్న పద్ధతి యేది? హాల్‌టిక్కెట్టుపై తన పేరున 'హెచ్' ఎగిరిపోయినందులకు ఆఫీసులో అగ్గిమీద గుగ్గిలమైన పిల్ల కదా! కుందన 'టీ' ప్రక్కన 'హెచ్' చేర్చెను. యంత్రము మరల తిరస్కరించెను.

ఇంక మిగిలినది ఒకే యవకాశము. మూడవమారు తప్పినచో ద్వారము బిగిసిపోవును. దొంగ లోపల, యజమానులు వెలుపల!

"ఇంకెంతసేపే? సగం మంది పేషెంట్లు పోయారే!" అని మెహరున్నీసా కాలు నేలకు కొట్టెను.

కుందన కన్నులు మూసికొనెను. తాను ఆలస్యము చేసిన ప్రతిదినమును ఫోనులో జ్యోత్స్న పంపు "రావే తల్లీ" యను పిలుపు ఆమె మనస్సున మెదలెను. అందు 'రా' పలుకుటకు 'ఏ' ఒక్కటి కాదు, రెండు! దీర్ఘమునకు దాని బాకీ తీర్చనిదే జ్యోత్స్న కలము కదలదు. కుందన 'హెచ్' తరువాత రెండు 'ఏ'లు కొట్టి మీట నొక్కెను.

తలుపు తెఱచుకొనెను!

ఆపై ఆ కంగారుపిల్ల కంగారు ఏమాయెనో దేవునికే యెఱుక. దొంగను గెంటెను, వాడు దూరిన పాతఖాతాను మూసెను, దాచిన నకలునుండి పోయిన రోగులనెల్ల వెనుకకు రప్పించెను. మెహరున్నీసా కుర్చీ యెక్కి గంతులువైచెను.

తిరిగివచ్చిన జ్యోత్స్న జరిగినదంతయు విని తల బాదుకొని, కుందనను కౌగిలించుకొనెను. "స్పెల్లింగు చెప్పనేలేదు కదే! ఎలా పట్టేశావే?"

"నువ్వెలా రాస్తావో నాకు తెలీదేంటే?" అని నవ్విన కుందన ముఖమున నవ్వు అంతలోనే ఆగిపోయెను. "జ్యో, ముందా పాస్‌వర్డు మార్చెయ్. నీ రాతని బట్టి నేను పట్టేశానంటే, నీ మెసేజిలు చూసినోడెవడైనా ఆ మాట వింటే చాలు, పట్టేస్తాడు."

జ్యోత్స్న వెంటనే కీబోర్డును ఆమె ముందునకు జరిపెను. కుందన నలుగురికిని అర్థము కాని క్రొత్తపదమొకటి కూర్చి, ఇద్దఱి చెవులలోను ఒక్కొక్కయక్షరముగ చెప్పెను. సాయంకాలపు గంట మ్రోగునప్పటికి ఆ చికిత్సాలయమున ఒక్కరోగియైన తగ్గకుండెను.

మిత్రునకు సులభముగ తెలియునది శత్రువునకు కష్టముమీద తెలియును. భేదము అంతమాత్రమే.