గోడలో గీసిన సందు

టపా అక్కకు తోటికోడలి మీద అనుమానం నాలుగో వారంలో మొదలైంది.

ఆ వీధుల్లో ఉత్తరాలు పంచే ఆవిడను అందరూ టపా అక్క అనే పిలుస్తారు. పంతొమ్మిదేళ్లుగా మేడలెక్కి దిగి ఆవిడ మోకాళ్లు అరిగిపోయాయి. తపాలా ఆఫీసులో కొత్తగా మ్యాపుల పనికి ఒక కుర్చీ వేస్తున్నారు. ఓపెన్ సోర్స్ పనిముట్లతో వెబ్ మ్యాపులు చెయ్యడం నేర్చుకుని సర్టిఫికెట్టు తెచ్చినవాళ్లకే ఆ కుర్చీ అని పెద్దసారు చెప్పాడు. అది దక్కకపోతే ఏడాది తిరిగేలోగా మోకాళ్లే ఆవిడ చేత ఉద్యోగం మాన్పించేలా ఉన్నాయి. అందుకే ఆన్‌లైన్ క్లాసులో చేరింది. పై అంతస్తులో ఉండే తోటికోడలు నీళ్ల ట్యాంకర్ల ఆఫీసులో పనిచేస్తుంది. ఏ బండి ఎటు వెళ్లాలో ఫోన్లో చెప్పే పని. "నేనూ నేర్చుకుంటానక్కా, మా డ్రైవర్లకు దారులు చెప్పలేక చస్తున్నా" అని ఆవిడా చేరింది.

క్లాసంతా చర్చల పేజీ మీదే నడుస్తుంది. మాస్టారు ఇచ్చిన పని బుధవారానికల్లా అందులో పెట్టాలి. ఆదివారంలోగా మరో ఇద్దరి పని చూసి జవాబు రాయాలి. "చాలా బాగుంది" అని చేతులు దులుపుకుంటే మార్కు రాదు. ఏం బాగుందో, ఏం బాగాలేదో చెప్పాలి.

రెండో వారం పని టపా అక్క కోసమే పుట్టినట్టుంది. నలుగురూ కలిసి గీసే ఉమ్మడి మ్యాపులో మీకు తెలిసిన సందులు చేర్చండి, అన్నారు మాస్టారు. ఆవిడ రెండు వందల పద్నాలుగు చేర్చింది. ఎక్కడ మెట్లున్నాయో, ఎక్కడ బండి పడుతుందో, ఎక్కడ గేటు తోస్తే చాలో, అన్నీ రాసింది. తన పేజీలో ఆ గీతలన్నీ వరసగా కనబడుతుంటే, అదంతా తన పెట్టెలో తాను దాచుకున్నదే అనుకుంది. ఉమ్మడి మ్యాపంటే ఏమిటో మొదటి వారం పాఠంలో బారెడు రాసుంది. సగం చదివేసరికి కునుకు పట్టింది. మిగతాది తర్వాత చూద్దాంలే అని వదిలేసింది.

నాలుగో వారం ఎవరికి వాళ్లు ఒక మ్యాపు తయారుచేసి పెట్టాలి. తోటికోడలిది తెరిచి చూస్తే అందులో అన్నీ తన సందులే. బేకరీ వెనక సందు మీద తాను రాసిన "కుక్క ఉంది, కరవదు" అన్న ముక్క కూడా అక్షరం పొల్లుపోకుండా ఉంది.

ఆ మ్యాపు కింద ఒక బస్సు కండక్టరు అడిగాడు: "ఇన్ని సందులు ఎలా పట్టారండీ?"

తోటికోడలి జవాబు: "మా ఇంట్లోనే గని ఉందండీ. తవ్వుకోవడమే."

టపా అక్కకు ఒళ్లు మండిపోయింది.

"చూశారా ఎంత పొగరో! నా దగ్గర కొట్టేసి, కొట్టేశానని పదిమందిలో చెప్పుకుంటోంది," అంది భర్తతో.

ఆయన వాచీలు బాగుచేస్తాడు. కంటికున్న భూతద్దం తియ్యకుండానే అన్నాడు: "సందులెత్తుకెళ్లి ఏం చేసుకుంటుందే? కూర వండుకుంటుందా?"

"మీకు నవ్వులాటగానే ఉంటుంది. మొన్న కత్తెర కావాలని వచ్చినప్పుడు దాని చూపంతా నా ల్యాప్‌టాప్ మీదే ఉంది."

"దాని పక్కనే కత్తెరుంది కాబట్టి."

ఆ రోజే పాస్‌వర్డు మార్చింది. మెట్ల మీద అడుగుల చప్పుడైతే ల్యాప్‌టాప్ మూసేసేది. ఛార్జరు వైరు తాను చుట్టినట్టు లేదనిపించేది. కుర్చీ జానెడు జరిగిందనిపించేది. తోటికోడలు "ఏం చేస్తున్నావక్కా?" అంటే, "ఏం చేస్తాను, పప్పులో రాళ్లేరుతున్నా" అనేది. ఒడిలో పప్పూ ఉండేది కాదు, రాళ్లూ ఉండేవి కావు.

పాస్‌వర్డు మార్చినా, తాను సోమవారం చేర్చిన మెట్లదారి మంగళవారానికల్లా పైఅంతస్తు మ్యాపులో కనబడింది. దాంతో ఆవిడ అనుమానానికి కాళ్లొచ్చాయి. ఇక పట్టుకోవాలి, అదీ సాక్ష్యంతో పట్టుకోవాలి అనుకుంది.

గుండీల ఫ్యాక్టరీకీ పురుళ్ల ఆస్పత్రికీ మధ్య ఒక గోడ ఉంది. ఐదో వారం మొదట్లో టపా అక్క ఉమ్మడి మ్యాపులో ఆ గోడలోంచి ఒక సందు గీసింది. "బండి పడుతుంది" అని దాని మీద రాసింది. బుధవారం తోటికోడలు పెట్టిన కొత్త మ్యాపులో ఆ సందు నిక్షేపంగా ఉంది.

"అడ్డంగా దొరికింది," అనుకుని కూర్చుని జవాబు రాసింది: ఈ సందు ఎక్కడా లేదు, దొంగను పట్టడానికి నేనే గీశాను. ఆదివారం అందరూ చూసే వేళకు పెడదామని దాచింది.

శనివారం పొద్దున్నే తోటికోడలు దడదడా మెట్లు దిగి వచ్చింది. ముఖం కందగడ్డలా ఉంది.

"అక్కా, నా కొంప మునిగింది! ఆస్పత్రిలో నీళ్లయిపోయాయని ఫోనొస్తే, దగ్గర దారి కదా అని ట్యాంకరును ఫ్యాక్టరీ పక్క సందులోకి పంపాను. సందేదీ, గోడ! వెనక్కి తిప్పుకోడానికి చోటు లేక డ్రైవరు ముప్పావుగంట నన్ను తిడుతూనే ఉన్నాడు. అక్కడ ఇద్దరు బాలింతలకు వేణ్ణీళ్లు లేవట."

టపా అక్క గబుక్కున లేచింది. "పిల్లలకేం కాలేదు కదా?"

"కాలేదులే, పక్క మేడవాళ్లు బిందెలతో మోశారట. మా మేనేజరు మాత్రం ఇంకోసారి జరిగితే ఇంటికే అన్నాడు. అసలు ఆ సందు గీసిన మహానుభావుడెవడో చూస్తా. ఆ ల్యాప్‌టాప్ ఇలా ఇవ్వు."

"ఎవరు గీశారో ఎలా తెలుస్తుంది?"

"ఉమ్మడి మ్యాపులో గీత మీద నొక్కితే ఎవరు గీశారో వస్తుంది కదక్కా. నా సందులన్నీ అక్కడివే. నాకే కాదు, ఎవరికి కావాలంటే వాళ్లకి. అందుకేగా దాన్ని ఉమ్మడి అన్నది? మొదటి పాఠంలోనే ఉంది."

టపా అక్క ల్యాప్‌టాప్ అందించింది. తోటికోడలు నొక్కింది. పేరు చూసింది. మళ్లీ నొక్కింది.

"ఇది నీ పేరు కదక్కా."

"పొరపాటున పడుంటుంది."

"పంతొమ్మిదేళ్లు ఆ గోడ పక్కన నడిచిన మనిషివి. పొరపాటా?"

వాచీ విప్పుతున్న భర్త చెయ్యి ఆగింది.

"నిన్ను పట్టుకుందామని గీశాను," అంది టపా అక్క. "నా సందులు నువ్వు దొంగిలిస్తున్నావనుకున్నాను."

తోటికోడలు ల్యాప్‌టాప్ మూసింది. "అడిగుంటే చెప్పేదాన్ని కదా," అని లేచి పైకి వెళ్లిపోయింది. మెట్ల మీద చప్పుడే లేదు.

టపా అక్క ముందు ఆ సందును చెరిపేసింది. దాచిన జవాబు కూడా తీసేసింది. ఇక్కడితో ఊరుకుంటే చర్చల పేజీలో ఎవరికీ ఏమీ తెలియదు. సర్టిఫికెట్టు వస్తుంది, కుర్చీ వస్తుంది. పైనున్న మనిషికి మాత్రం మేనేజరు తిట్లు మిగిలిపోతాయి. ఆదివారం మధ్యాహ్నం కూర్చుని జరిగింది జరిగినట్టు రాసిపెట్టింది. ట్యాంకరు దారి తప్పడంలో తన తోటికోడలి తప్పేమీ లేదని, కావాలంటే దీన్ని మేనేజరుకు చూపించమని కూడా రాసింది.

మొదటి జవాబు కండక్టరుది: "ఇలాంటివి ఇంకెన్ని గీశారండీ?"

"అదొక్కటే."

"ఒక్కటే అని నమ్మేదెలా?"

ఆవిడ చెప్పింది నిజమే, కానీ లేని సందు గీసిన మనిషి మాటకు ఇప్పుడు విలువ లేదు.

సాయంత్రానికి మాస్టారు రాశారు. ఆవిడ చేర్చిన సందులన్నీ ఇంకొకరు నడిచి చూసి సరే అనేదాకా టపా అక్క మార్కులు ఆపేశామన్నారు. నడిచేవాళ్లెవరైనా ఉంటే ఈ వారం చర్చలో చెప్పమన్నారు. గంటసేపు ఎవరూ పలకలేదు.

తర్వాత పై అంతస్తు నుంచి ఒక జవాబు వచ్చింది: "నేను నడుస్తాను. ఆవిడ మాత్రం నా వెంట రాకూడదు. పక్కనుంటే ఆవిడ చెబుతుంది, నేను తలూపుతాను."

సోమవారం పొద్దున టపా అక్క ఉత్తరాల సంచి భుజానికి తగిలించుకుంటుంటే తోటికోడలు మెట్లు దిగింది. చేతిలో మ్యాపు కాగితాలు, చెవి సందున పెన్సిలు ఉన్నాయి.

"వెళ్లొస్తావా?" అంది టపా అక్క.

"ఆఁ," అంది తోటికోడలు, ముఖం చూడకుండా.

టపా అక్క గుమ్మంలోనే నిలబడి చూసింది. తోటికోడలు వీధిలోకి వెళ్లలేదు. కాపురానికి వచ్చినప్పటి నుంచీ రోజూ నడుస్తున్న సొంత ఇంటి సందు మొదట్లోనే ఆగింది. కాగితం చూసి, తలెత్తి ఒక్కొక్క తలుపూ లెక్కపెట్టింది. చివరిదాకా నడిచి, సందు నిజంగా అవతలి వీధిలోకి తెరుచుకుందో లేదో చూసుకుంది. అప్పుడు పెన్సిలు తీసి ఒక టిక్కు పెట్టింది.