హాల్లో సముద్రం

"ఆ గోడ బోసిగా ఉంది. అక్కడో సముద్రం పెడదాం," అన్నాడు మా ఆయన. నేను అప్పుడు ఆరిన బట్టలు మంచం మీద పోసుకుని మడతలు పెడుతున్నాను. మా ఇంట్లో ఈ ‘దాం’ అనే మాటకి ఒక పద్ధతి ఉంది. ‘పిలుద్దాం’ అంటే ఆయన పిలుస్తాడు, నేను వండుతాను. ‘మారుద్దాం’ అంటే కర్టెన్ల రంగు ఆయన చెబుతాడు, నేను స్టూలెక్కుతాను. వ్యాకరణం ప్రకారం ఆ మాటలో ఇద్దరం ఉంటాం. పనిలోకి వచ్చేసరికి నేనొక్కదాన్నే మిగులుతాను. అందుకే సముద్రం అన్న మాట నా చెవుల కంటే ముందు నా నడుము విన్నది.

ఆయనది బీమా కంపెనీలో ఉద్యోగం. ఏదో మీటింగుకి పెద్ద హోటల్‌కి వెళ్ళి అక్కడి లాబీలో పగడాల తొట్టి చూసొచ్చాడు. "ఉత్త చేపలు కాదే. పగడాలు. ప్రాణమున్నవి. దీపం వేస్తే పువ్వుల్లా విచ్చుకుంటాయి," అని చేతులు విప్పి చూపించాడు. ఆ చేతులు అలా విప్పడం చూసి నాకు ముచ్చటేసిన మాట నిజం. పెళ్ళయిన కొత్తలో అలాగే చేతులు విప్పి ఏవేవో చెప్పేవాడు.

వారం తిరక్కుండా గాజుతొట్టి ఇంటికొచ్చింది. "టీవీ బల్ల మీద ఎక్కించేద్దాం," అన్నాడు.

"ఆ బల్ల ఆగదండీ."

"గాజుపెట్టేగా, ఎంతుంటుంది?"

"బరువు గాజుది కాదు, నీళ్ళది. నీళ్ళూ రాళ్ళూ ఇసుకా కలిస్తే, మనమూ పక్కింటివాళ్ళూ అందరం ఆ బల్లెక్కి కూచున్నట్టే."

"మొదలెట్టింది ఇంజనీరమ్మ," అని వాళ్ళమ్మ వంక చూసి నవ్వాడు.

నేను ఇంజనీర్ని కాదు. ఒక ఆర్కిటెక్టు ఆఫీసులో డ్రాయింగులు గీస్తాను. దూలం ఎంత లావుండాలో, మెట్టు ఎంత ఎత్తుండాలో ఇన్నేళ్ళుగా గీస్తూనే ఉన్నాను. కింద సంతకం మాత్రం మా చీఫ్‌ది. క్లయింట్లు వస్తే, "మా అమ్మాయి గీత బాగా గీస్తుందండీ," అంటాడు, చేతిరాత కుదిరిన పిల్లని మెచ్చుకున్నట్టు. ఆ వెంటనే, "అమ్మాయ్, టీ చెప్పు," అంటాడు. నా జుట్టు సగం నెరిసింది, అయినా ఆయనకి నేను అమ్మాయినే.

వడ్రంగిని పిలిపించాడు మా ఆయన. నేను కాగితం మీద స్టాండు బొమ్మ గీసి అతని చేతికిచ్చాను. అతను దాన్ని తలకిందులుగా పట్టుకుని, నా భుజం మీదుగా లోపలికి చూస్తూ, "సార్ ఎప్పుడొస్తారమ్మా?" అన్నాడు. సార్ ఫోన్లోనే దొరికాడు. "ఆవిడ అలాగే అంటుంది, నీకు తోచినట్టు కానిచ్చెయ్," అన్నాడట. అతనికి తోచినట్టే కానిచ్చాడు. పైచట్రం కాళ్ళ మీద కూచోలేదు, కాళ్ళ పక్కన స్క్రూలతో వేలాడింది. అరచేత్తో నెట్టి చూశాను. కుంటి గుర్రంలా ఊగింది. "బరువంతా స్క్రూల మీద పడుతుంది, ఇది పనికిరాదు," అన్నాను. "సార్ ఓకే అన్నారమ్మా," అని సామాను సంచిలో వేసుకుని వెళ్ళాడు. మళ్ళీ ఫోనెత్తలేదు.

ఆ కర్రలు హాలు మధ్యలో పడి ఉన్నాయి. మా ఆయన రోజూ పొద్దున వాటిని దాటుకుంటూ, "ఆ కర్రల సంగతేదో చూడు," అని చెప్పి ఆఫీసుకి వెళ్ళేవాడు.

చూశాను. ఆఫీసులో మోడళ్ళు చేసే గదిలో ఉండే డ్రిల్లు అడిగి తెచ్చుకుని, ఒక సెలవురోజు వంట ముగించి, కొంగు బిగించి కింద కూచున్నాను. వడ్రంగి బిగించిన స్క్రూలన్నీ ఊడబీకాను. కాలు నిలబెట్టి దాని నెత్తిన చట్రం పెట్టాను. కర్ర మీద కర్ర కూచోవాలి, బరువు కర్రలోంచి నేలకి దిగాలి, స్క్రూ ఉత్తినే పక్కకి జరక్కుండా పట్టుకోవాలి. ఇన్నాళ్ళూ కాగితం మీద గీతలుగా తెలిసిన సంగతి అది. చేతికింద బరువుగా తగిలేసరికి ఒంట్లో ఏదో సర్దుకున్నట్టయింది. రంపంపొట్టు వాసన ముక్కులో నిండింది. ఆకలి కూడా మర్చిపోయాను.

లోపల గదిలో మా ఆయన మ్యాచ్ చూస్తున్నాడు. అత్తయ్య కుర్చీలో కూచుని నన్ను చూస్తోంది. "మగాడు ఇంట్లో ఉండగా నీకెందుకే ఆ టకటక? చూసినవాళ్ళేమనుకుంటారు?" అంది. ఇంతలో నేను ఎత్తుతున్న పలక చేయి జారింది. తలెత్తేసరికి రెండో కొస అత్తయ్య చేతుల్లో ఉంది. "పట్టుకోమని అడగొచ్చుగా, నోరు పడిపోయిందా?" అని కసురుకుంది. ఆ తరవాత ఆవిడ మళ్ళీ కుర్చీలోకి వెళ్ళలేదు. స్క్రూలు ఒక్కొక్కటీ అందిస్తూ, తనలో తను చెప్పుకుంటున్నట్టు అంది: "మీ మామగారి దుకాణంలో అరలన్నీ నేనే సర్దేదాన్ని. బేరాలూ నేనే ఆడేదాన్ని. బోర్డు మీద మాత్రం ఆయన పేరూ, వాళ్ళ నాన్న పేరూ."

ఈ ఇంటికొచ్చి ఇన్నేళ్ళయింది, ఆ మాట నేను వినడం అదే మొదలు. "మీకు బాధనిపించలేదా అత్తయ్యా?" అన్నాను.

"తీరికుంటేగా," అంది.

స్టాండు నిలబెట్టి పైన రసమట్టం పెట్టాను. అందులో బుడగ కాసేపు అటూ ఇటూ తచ్చాడింది. ఒక కాలి కింద సన్న చెక్క దూర్చాను. అత్తయ్య మోకాళ్ళ నొప్పి మర్చిపోయి వంగి చూసింది. "మధ్యకొచ్చిందే!" అని చిన్నపిల్లలా అరిచింది. లోపల్నుంచి, "వికెట్టా?" అని కేకేశాడు మా ఆయన.

నీళ్ళు తగిలినా ఉబ్బకుండా రంగు వేశాం. తొట్టెక్కించి మంచినీళ్ళు పోసి, ఎక్కడా కారడం లేదని తేల్చుకున్నాక అసలు పని మొదలైంది. శుద్ధిచేసిన నీళ్ళలో సముద్రపు ఉప్పు కలపాలి. ఎక్కువైనా తక్కువైనా కుదరదు, కొలిచి చూసుకోవాలి. ఇసుక పరిచాను, రాళ్ళు పేర్చాను. చిన్న మోటారు పెడితే లోపల అల మొదలైంది. ఆపైన ఆగాలి. కంటికి కనిపించని సూక్ష్మజీవులేవో ఆ రాళ్ళలో పుట్టి, నీళ్ళలో చేరే విషాన్ని విరిచే శక్తి తెచ్చుకునేదాకా అందులో ఏ చేపనీ వెయ్యకూడదు. తొట్టి అమ్మిన షాపతను చెప్పాడు, నేను కూడా చదివి తెలుసుకున్నాను. నీళ్ళకి రోజూ పరీక్ష చేసేదాన్ని.

"స్నేహితులొస్తుంటే రాళ్ళు చూపించమంటావా?" అని మా ఆయన ఒకరోజు కవర్లో నీలం చేపని పట్టుకొచ్చాడు. వద్దని చెప్పాను. నీళ్ళింకా విషంగానే ఉన్నాయని, పరీక్షగొట్టంలో రంగు చూడమని దాన్ని కళ్ళ ముందు పెట్టాను. "ఒక్క చేపకి ఏమవుతుందిలే," అని వేసేశాడు. స్నేహితులొచ్చారు, చూశారు, ఫొటోలు దిగారు. మర్నాటికి చేప పక్కకి ఒరిగి ఎగపోస్తోంది. సాయంత్రానికి పోయింది. ఆయన ఫోన్లో ఎవరికో చెబుతుంటే విన్నాను: "మా ఆవిడ నీళ్ళు సరిగ్గా కలపలేదు." నేను వంటింట్లో నిలబడి ఉన్నాను. చేతిలో గరిటె ఉంది. పులుసు పొంగి స్టవ్వు మీద పడేదాకా నాకు తెలియలేదు. చేపని కాగితంలో చుట్టి బాల్కనీలో పూలకుండీలో పాతిపెట్టాను. నా అరచెయ్యంత కూడా లేదు అది.

ఆరోజుతో ఆయనకి మోజు తీరిపోయింది. తొట్టి ‘నీ తొట్టి’ అయింది. "నీ తొట్టి మోటారు చప్పుడు చేస్తోంది." "నీ తొట్టికి కరెంటెంత కాలుతోందో." ఎవరైనా ఇంటికొస్తే మాత్రం ఆ కాసేపూ ‘నా ట్యాంక్’.

నా తొట్టి అయితే అయింది, సరే అనుకున్నాను. నీళ్ళు కుదురుకున్నాక నారింజరంగు చేపల జంటని తెచ్చాను. వాటి వెనక మెత్తని పగడాలు ఒక్కొక్కటీ వచ్చాయి. పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి, అవి కాగేదాకా తొట్టి ముందు కూచునేదాన్ని. ఆ కాసేపూ నాకు ఇంకో సంగతి తట్టేది. ఇంట్లో నేను చేసే పనేదీ నిలవదు. తోమిన గిన్నె మధ్యాహ్నానికి మళ్ళీ సింకులో ఉంటుంది. ఊడ్చిన నేల మీద చెప్పులు నడుస్తాయి. మడతపెట్టిన చొక్కా ఒక్క రోజులో మురికిబుట్టలోకి పోతుంది. ఇక్కడ మాత్రం చేసిన పని చేసినట్టు నిలిచింది, పైగా పెరిగింది. ఒక పగడం పక్కన ఇంకో మొగ్గ వేసింది. తొట్టిలో మట్టం తగ్గితే శుద్ధిచేసిన మంచినీళ్ళే పొయ్యాలి, ఉప్పునీళ్ళు కాదు. ఆవిరయ్యేది నీరు, ఉప్పు అక్కడే ఉండిపోతుంది, కొద్దికొద్దిగా చిక్కబడుతుంది. నేను విన్న మాటలు కూడా అలాగే ఉండిపోయాయేమో. మరి నాలో ఇన్నాళ్ళూ మంచినీళ్ళు పోసిందెవరు? అంత ఆలోచించేలోపు పాలు పొంగేవి.

ఒకరోజు మా ఆయన పై ఆఫీసరూ, ఆయన భార్యా భోజనానికొచ్చారు. నేను పళ్ళేలు సర్దుతున్నాను. హాల్లో మా ఆయన గొంతు వినిపిస్తోంది. "చిన్నప్పట్నుంచీ సముద్రమంటే పిచ్చి సార్ నాకు. స్టాండు దగ్గర్నుంచీ నా చేతుల్తో చేసిందే. నీళ్ళు కలపడం మాత్రం పెద్ద సైన్సు సార్."

ఆఫీసరుగారి భార్య తొట్టి ముందు గొంతుక్కూచుంది. "ఇలా చేతులాడిస్తోందే, ఇదేంటండీ?" అంది. మా ఆయన నా వైపు చూశాడు. అది నాకు అలవాటైన చూపు. నేను మెల్లగా మాట అందిస్తాను, ఆయన గట్టిగా చెబుతాడు. అందించాను, చెప్పాడు.

"మాకూ ఇలాంటిదొకటి కావాలి. వచ్చి పెట్టకూడదూ?" అంది ఆవిడ.

"దానికేముంది మేడమ్! మా ఆవిడొచ్చి పెట్టేస్తుంది. ఆదివారాలు ఇంట్లో ఖాళీగానే ఉంటుంది," అన్నాడు మా ఆయన.

చేతిలోని గిన్నె బల్ల మీద పెట్టాను. కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. గొంతు నాకే వింతగా, తేటగా వినిపించింది. "నేనెందుకండీ, మీరుండగా? స్టాండు దగ్గర్నుంచీ మీ చేతుల్తోనే చేశారని ఇప్పుడేగా అన్నారు. ఆదివారం ఆయనే వస్తారు మేడమ్."

అత్తయ్యకి హఠాత్తుగా దగ్గొచ్చి లోపలికి వెళ్ళింది. లోపల దగ్గు వినపడలేదు.

వాళ్ళు వెళ్ళాక, "నా పరువు తీశావు," అన్నాడు.

"మీరన్న మాటే కదండీ నేనన్నది."

"నేను వెళ్ళి ఏం చేస్తాను? నాకేం వచ్చని?"

"నేర్చుకోండి. చెబుతాను."

శనివారం ఆయన తొట్టి ముందు మోకాళ్ళ మీద కూచున్నాడు, నేను కుర్చీలో టీ కప్పుతో కూచున్నాను. గొట్టం ఇలా పెట్టండి, పాతనీళ్ళు లాగండి, ఉప్పు కొలవండి, మళ్ళీ కొలవండి, కింద పడ్డవి తుడవండి. బకెట్టు మోసి మోసి చొక్కా తడిసిపోయింది. నడుం పట్టుకుని, నా వంక చూడకుండా, నీళ్ళతో అన్నట్టు అన్నాడు: "ఇంత పనుందా ఇందులో?" ఆ ప్రశ్నకి నా దగ్గర ఏళ్ళ తరబడి దాచుకున్న జవాబులున్నాయి. ఒక్కటీ బయటికి తియ్యలేదు. టీ తాగాను.

ఆదివారం వాళ్ళింటికి వెళ్ళి, తిరిగొచ్చి సోఫాలో కూలబడ్డాడు. "నిజం చెప్పేశాను. చేసింది నువ్వేనని."

"ఏమన్నారు?"

"మేడమ్ నవ్వింది. ఆరోజే తెలుసట. ఏదడిగినా నీ మొహం చూశానట నేను." చొక్కా గుండీ విప్పుకుంటూ, "అంతగా చూశానా?" అన్నాడు. నేను తలూపాను.

అదే వారం ఆఫీసులో చీఫ్ పిలిచాడు. వేరే ఊళ్ళో ఆస్పత్రి కడుతున్నాం, సైటులోనే ఉండి చూసుకునే మనిషి కావాలి. "నిరుడడిగితే ఇంట్లో అడిగి చెబుతానన్నావు. ఇప్పుడైనా అడిగావా అమ్మాయ్?"

"అడగలేదు సార్. వెళ్తాను. డ్రాయింగుల మీద నా పేరు కూడా వెయ్యండి."

ఆయన కళ్ళజోడు సవరించుకున్నాడు. "చూద్దాంలే," అన్నాడు.

"చూద్దాం కాదు సార్. వెయ్యండి."

టీ సంగతి ఎత్తకుండా తలూపాడు.

ఇంట్లో భోజనాల దగ్గర చెప్పాను. అడగలేదు, చెప్పాను. కొన్ని నెలలు అక్కడే ఉంటాననీ, సెలవులకి వస్తాననీ అన్నాను. మా ఆయన ముద్ద నోటిదాకా తెచ్చి ఆపాడు. "మరి ఇల్లు? అమ్మ? ఆ తొట్టి?" అన్నాడు. అత్తయ్య నా చెయ్యి తట్టింది. "వెళ్ళవే. తొట్టి సంగతి నాకు చెప్పు, నేను చూసుకుంటాను. వాడికి చెప్పడం కంటే నాకు చెప్పడం తేలిక," అంది.

నిజంగానే తేలిక. ఒక్క పూటలో నేర్చుకుంటుంది. నా కంటే శ్రద్ధగా చేస్తుంది, ఒక్కరోజు మానదు, ఒక్కమాట అనదు. ఇన్నాళ్ళూ ఈ ఇల్లు నడిచింది ఆ తేలికతోనే. అవునని అనబోయి ఆగాను.

"వద్దత్తయ్యా," అన్నాను. "వంటయినా తొట్టయినా మీ అబ్బాయి చేస్తారు. మీరు కుర్చీలో కూచుని చూడండి. తప్పు చేస్తే చెప్పండి, చాలు."

ఆవిడ నా వంకా, కొడుకు వంకా చూసింది. చెయ్యి కడుక్కుని, హాల్లోకి నడిచి, కుర్చీని తొట్టికెదురుగా లాక్కుంది. వెనక్కి ఆనుకుని, రెండు కాళ్ళూ చాపి కూచుంది. ఆవిడ అలా కూచోవడం నేనెప్పుడూ చూడలేదు.

"ఒరేయ్," అని పిలిచింది, "ఆ బకెట్టు ఇలా పట్రా."