ఒంటిగంటకు చేదు

వేలిముద్ర యంత్రం మూడోసారి కూడా ఎర్రగా మెరిసి కీచుమంది. వంట మేస్త్రి నాలుగోసారి వేలు పెట్టలేదు. యంత్రాన్ని బతిమాలే అలవాటు ఆయనకు లేదు. ఆసుపత్రి గేటు గదిలో ఉన్న పాత రిజిస్టరు ముందుకు లాక్కుని వేళ రాశాడు: అయిదూ పది.

"ఇరవై ఏడేళ్ళ నుంచి వస్తున్నావు, ఇది నిన్ను గుర్తుపట్టదేం మేస్త్రీ?" కాపలా మనిషి ఆవులిస్తూ అడిగాడు.

"అది కొత్తగా వచ్చింది కదా. కొత్తగా వచ్చిందేదీ నన్ను గుర్తుపట్టదు."

తప్పు యంత్రానిది కాదు, అనాసపండుది. మనిషి దాన్ని తింటే అది మనిషి వేళ్ళను తింటుంది. ప్రతి గురువారం నలభై కాయలు చెక్కి చెక్కి మేస్త్రి వేళ్ళ కొనలు అరిగిపోయిన సబ్బుబిళ్ళల్లా అయ్యాయి. ముద్ర లేదు, గీత లేదు. నేరం చేసినా పట్టుబడడని వంటశాలలో నవ్వుకునేవాళ్ళు. ఆయన చేసే నేరమల్లా వారానికోసారి అనాస పుడ్డింగు చెయ్యడమే.

ఆ ఆసుపత్రిలో రోగులకు డాక్టర్ల పేర్లు తెలియకపోయినా గురువారం సంగతి తెలుసు. చక్కెరపాకంలో అద్దంలా మెరిసేదాకా ఉడికిన అనాస ముక్కలు, వాటి మీద పాలు, గుడ్డు పచ్చసొన, వెన్న కలిపి చిక్కగా కాచిన పొర. చల్లారాక గిన్నె బోర్లించినా జారదు. గురువారం ఇంటికి పొమ్మంటే "ఈ పూట కాళ్ళలో సత్తువ లేదండీ, రేపు పోతాం" అనే వాళ్ళున్నారు. శుక్రవారం ఉదయానికి వాళ్ళ కాళ్ళలోకి సత్తువ దానంతటదే వచ్చేది.

మేస్త్రి చొక్కా చేతులు పైకి మడిచాడు. సన్నటి మనిషి. గరిటె తిప్పీ తిప్పీ కుడి భుజం ఎడమదానికంటే రెండంగుళాలు కిందికి దిగింది. ముంజేతి మీద పాత కాలిన మచ్చలు. నవ్వు రావలసిన చోట ఆయన ముఖంలో రెండు గీతలు మాత్రం పడతాయి, అవీ నోరు మూసుకోవడానికే.

పొయ్యి వెనక గోడకు కొత్త కార్డు అంటించి ఉంది. గుండ్రటి అక్షరాలు, పక్కన అనాసపండు బొమ్మ. "మీకిష్టమైన పుడ్డింగుకు మూడు తేలిక మార్గాలు." ఒకటి: వెన్న తీసిన పెరుగులో పచ్చి అనాస ముక్కలు, కొంచెం తేనె. రెండు: పండ్లరసం, పచ్చి అనాస ముక్కలతో జెల్లీ. మూడు: దాల్చినచెక్క పొడి చల్లి కాల్చిన అనాస.

కార్డు రాసింది పథ్యం మేడమ్. రోగులకు ఏం పెట్టాలో చెప్పే ఉద్యోగం ఆమెది. మూడు నెలల క్రితం చేరింది. కిందటి వారం రెండో మార్గం పట్టారు. పచ్చి అనాస ముక్కలు వేసిన జెల్లీ పొద్దున పోసింది పోసినట్టే సాయంత్రందాకా నీళ్ళలా ఊగింది. తప్పు ఫ్రిజ్‌దన్నారు. మెకానిక్ వచ్చి ఫ్రిజ్ వెనక భాగం విప్పి, ఏమీ దొరక్క మళ్ళీ బిగించి పోయాడు. పచ్చి అనాసతో జెల్లీ గడ్డకట్టదని మేస్త్రి ముందే చెప్పాడు. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ. అడక్కుండా చెప్పేవాడు మరీ లోకువ.

ఈ వారం మొదటి మార్గం. రోగులకు పంపేది అదే.

"బాబాయ్, ఇవాళ నీకు సెలవే అనుకో. పొయ్యి వెలిగించే పనే లేదు." కూరలు తరిగే మనిషి కత్తి నూరుతూ అన్నాడు. వాడి చెవిలో పడ్డ మాట ఏదీ నిలవదు గనక వంటశాల వాడికి చిల్లుగరిటె అని పేరు పెట్టింది.

"పొయ్యి వెలిగించకుండా వండేవాణ్ణి వంటవాడనరు, పళ్ళ కొట్టువాడంటారు."

"మేడమ్‌తో అనేదా?"

"నేను అనమన్నా అంటావు, వద్దన్నా అంటావు. నన్నెందుకు అడగడం?"

మేస్త్రి మొదటి కాయ తల నరికాడు. తొక్క తీశాడు. నల్లటి కళ్ళు వరసలో ఎలా పోతాయో అలా ఏటవాలుగా గాడి కోసుకుంటూ, కండ వృథా కాకుండా చెక్కాడు. వేళ్ళు చురచురమన్నాయి.

తేలిక వంట ఆయనకు కొత్త కాదు. ఆ సంగతి ఇక్కడ ఎవరికీ తెలియదు, చిల్లుగరిటెకు అసలే తెలియదు. భార్య గుండెకు జబ్బు చేసి, రక్తంలో చక్కెర హద్దు దాటినప్పుడు, రెండేళ్ళు ఇంట్లో ఆమె కోసం పుడ్డింగుకు మారుగా ఎన్ని చేశాడో లెక్కలేదు. చక్కెర లేకుండా సొంత రసంలోనే మగ్గపెట్టిన అనాస. పెనం మీద కాల్చిన అనాస. వెన్న లేని పాలపొర. ప్రతిసారీ గిన్నె ముందుపెట్టి ముఖం చూసేవాడు.

"ఎలా ఉంది?"

"బావుందండీ." గిన్నె ఖాళీ అయ్యేది.

ఆమె పోయిన నెలకు పక్కింటావిడ గుమ్మంలో నిలబడి, ఓదార్పనుకుని చెప్పింది. "రోజూ మధ్యాహ్నం మా ఇంటికొచ్చి రెండు చెంచాల పంచదార నోట్లో వేసుకునేది తమ్ముడూ. నీ గిన్నె మా కుక్కకి పెట్టేది. పాపం, నువ్వు బాధపడతావని నీకు చెప్పొద్దంది."

ఆ కుక్క అప్పటికే పీపాలా తయారై ఉంది. మేస్త్రి పక్కింటావిడతో మళ్ళీ మాట్లాడలేదు. కుక్కను ఏమీ అనలేదు. దానికి పెట్టింది అది తింది. భార్యను మాత్రం క్షమించలేదు. "చప్పగా ఉంది" అని ఒక్కసారి అని ఉంటే ఇంకో దారి వెతికేవాడు. వందో దారి, నూటొకటో దారి. ఆ ఒక్క "బావుందండీ" ఆయన చేతులు కట్టేసింది. చచ్చిపోయిన మనిషి మీద కోపం పెట్టుకుని ఏం లాభమని లోకం అంటుంది. లాభం కోసం ఎవరు కోపం పెట్టుకున్నారు?

ఎనిమిదింటికి పథ్యం మేడమ్ వచ్చింది. తెల్లకోటు, జేబులో రెండు పెన్నులు, చేతిలో ఉత్సాహం.

"మేస్త్రీ గారూ, ముక్కలు కోసేశారా! బంగారంలా ఉన్నాయి."

"సగం పక్కన పెట్టాను మేడమ్. ఒక్క పొంగు రానిచ్చి చల్లార్చి కలుపుదాం. చక్కెర వద్దు, వాటి రసమే చాలు."

"ఉడికిస్తే విటమిన్ పోతుందండీ. పచ్చిగా తినడమే ఇందులో గొప్ప."

"పచ్చిది పెరుగుని విరగ్గొడుతుంది. రెండు గంటలు ఆగితే చేదు."

"పుల్లటి పండేగా, చేదెందుకవుతుంది?"

మేస్త్రి కత్తి కింద పెట్టి రెండు అరచేతులూ ఆమె ముందు చాపాడు. "నా వేళ్ళని ఏం చేసిందో చూడండి. పెరుగు నా తోలుకంటే గట్టిదా?"

ఆమె చూసింది. ఒక్క క్షణం నిజంగానే చూసింది. తర్వాత గడియారం చూసింది. "పన్నెండింటికి పైనుంచి తనిఖీకొస్తున్నారు. కార్డు కూడా వాళ్ళకు పంపించేశాను. మీకు కోపం నా మీదా, తేలిక వంట మీదా?"

"రెంటి మీదా కాదమ్మా. తొందర మీద."

ఆమె వెళ్ళాక మేస్త్రి పొయ్యి వెలిగించాడు. పక్కన పెట్టిన సగం ముక్కలను పెద్ద గిన్నెలో వేసి మూత పెట్టాడు. అవి తమ రసంలోనే ఒక్క పొంగు పొంగి, పచ్చివాసన పోయి, అంచులు మెత్తబడ్డాయి. దించి నీళ్ళ తొట్టిలో చల్లార్చాడు.

"బాబాయ్, వద్దన్నారుగా!"

"వద్దన్నారు. విన్నాను. వినడం, మానడం వేరువేరు పనులు."

పదిన్నరకు మిగతా సగంతో కార్డు ప్రకారమే కలిపాడు. గ్రాము తేడా లేదు. పెరుగు చిలికి, తేనె పోసి, పచ్చి ముక్కలు వేసి, నూట ఇరవై స్టీలు గిన్నెల్లో సర్దాడు. పని చెడగొట్టి మాట గెలిపించుకునే రకం కాదు ఆయన.

ఆ వంటశాలలో ఒక నియమం ఉంది. ఏ వంటకమైనా మేస్త్రి రుచి చూసి, రుచి పుస్తకంలో "బాగుంది" అని రాసి సంతకం పెడితేనే బండి వార్డులకు కదులుతుంది. మిగతా వంటశాలల్లో వారానికి సరిపడా "బాగుంది" సోమవారమే రాసేస్తారు. ఈయన ఒక్కనాడు కూడా తినకుండా రాయలేదు. ఉప్పెక్కువైన పప్పుకు తన చేత్తోనే "ఉప్పెక్కువ" అని రాసి, మళ్ళీ వండించిన రోజులున్నాయి.

పదకొండింటికి సూపరింటెండెంటు వచ్చాడు, వెనక పథ్యం మేడమ్. ఆయన ఒక చెంచా తిన్నాడు, రెండో చెంచా అడక్కుండానే నోట్లోకి పోయింది.

"అద్భుతం! ఏమయ్యా మేస్త్రీ, ఇన్నాళ్ళూ జనానికి వెన్న మేపావు. ఇది చూడు, తేలిగ్గా ఎలా జారిపోతోందో."

మేస్త్రి కూడా తిన్నాడు. నాలుక మీద తిప్పి మింగాడు. నిజంగానే బావుంది. చల్లగా, పుల్లగా, వెనక తేనె. పుస్తకం తీసి, కళ్ళజోడు పెట్టుకుని, తీరిగ్గా రాశాడు.

సూపరింటెండెంటు వంగి పైకి చదివాడు. "'పదకొండుకు బాగుంది. ఒంటిగంటకు చేదు.' ఇదేమిటిది?"

"రుచి."

"ఒంటిగంట ఇంకా కాలేదుగా?"

"వార్డులో తినేది ఒంటిగంటకేగా. మనం పదకొండుకి తిని వాళ్ళ తరఫున బావుందంటే ఎలా?"

"జోస్యాలు రాసే పుస్తకమా ఇది? అది కొట్టేసి బాగుందని రాయి. తనిఖీవాళ్ళు మొదట అడిగేది ఈ పుస్తకమే."

"ఆగండి సార్. ఈ గిన్నె ఇక్కడే పెట్టుకుని ఒంటిగంటకు మీరే తినండి. తియ్యగా ఉంటే నా చేత్తో నేను కొట్టేస్తాను."

"నీకోసం తనిఖీ ఆగుతుందా? రాస్తావా, పోతావా?"

వంటశాలలో గరిటెల చప్పుడు ఆగింది. గిన్నెలు తోమే ఆడమనిషి కుళాయి కట్టేసింది. పథ్యం మేడమ్ మెల్లగా అంది: "మేస్త్రీ గారూ, ఒక్క మాటేగా. రాసెయ్యండి. అంత బాగా కలిపారు కదా."

ఒక్క మాటే. రెండేళ్ళపాటు రోజూ విన్న మాటే. ఆ మాట చెప్పినవాళ్ళకు సుఖం, విన్నవాళ్ళకు సుఖం. మధ్యలో కుక్క బలుస్తుంది.

"రాయను," అన్నాడు మేస్త్రి.

గొంతు పెంచలేదు. గరిటె దించినంత మామూలుగా అన్నాడు. పుస్తకం మూసి, పెన్ను దాని మీద పెట్టి, సూపరింటెండెంటు వైపు జరిపాడు. ఆయన ముఖం ఎర్రబడింది. పుస్తకాన్ని చిల్లుగరిటె ముందుకు తోశాడు. వాడు ఒకసారి మేస్త్రి వైపు చూసి, తల దించి, "బాగుంది" అని రాసి సంతకం పెట్టాడు. వాడికి ఇద్దరు పిల్లలు. వాణ్ణి కూడా మేస్త్రి క్షమించలేదు. కానీ వాడు ఆ పేజీ వెంటనే మూసెయ్యడం చూశాడు.

"రేపటి నుంచి రావక్కర్లేదు," అని సూపరింటెండెంటు మెట్లెక్కి వెళ్ళిపోయాడు. పథ్యం మేడమ్ ఆయన వెనకే వెళ్ళింది.

పన్నెండు దాటేదాకా ఉండి గిన్నెలన్నీ బండిలో సర్దించి, రేపటి దాకా ఎందుకని మేస్త్రి నడుముకున్న గుడ్డ విప్పాడు. ఉతకాల్సిన బుట్టలో వేశాడు. కత్తి కడిగి, తుడిచి, దాని చోట పెట్టాడు. కత్తి ఆసుపత్రిది.

"బాబాయ్..." చిల్లుగరిటె దగ్గరకొచ్చాడు. "నన్ను తిట్టు. రెండు తిట్లు తిట్టు, నా మనసు కుదుటపడుతుంది."

"అంత సుళువుగా కుదుటపడనివ్వను. విను. నీళ్ళ తొట్టిలో మూతపెట్టిన గిన్నె ఉంది. ఉడికిన అనాస. ఒంటిగంటకు చేదంటూ వార్డుల నుంచి పరిగెత్తుకొస్తారు. కొత్త పెరుగు చిలికి, అందులో అది కలిపి పంపు. చక్కెర ముట్టుకోకు. తేలిక కావాలన్నారుగా, తేలికే. చెయ్యగలవా?"

"చేస్తాను."

"ముందు తిను. బాలేకపోతే బాలేదని రాయి."

చిల్లుగరిటె తలూపాడు. ఈ మాటను మాత్రం వాడు ఎవరి చెవిలోనూ వెయ్యలేదని ఆ తర్వాత అందరూ ఆశ్చర్యపోయారు.

మేస్త్రి కార్డు ప్రకారం చేసిన గిన్నెల్లోంచి ఒకటి తీసుకున్నాడు. వంటశాల పక్కన పథ్యం మేడమ్ చిన్నగది. ఆమె పైన తనిఖీవాళ్ళ దగ్గరుంది. బల్ల మీది కాగితాలు పక్కకు జరిపి, గిన్నె పెట్టి, దాని మీద అడ్డంగా ఒక చెంచా పెట్టాడు. చీటీ రాద్దామా అని క్షణం నిలబడ్డాడు. రాయలేదు. చెప్పాల్సింది అదే చెబుతుంది, ఆమెకు ఓపికుంటే.

గోడ గడియారం పన్నెండూ ఇరవై చూపుతోంది. వెనక తలుపు తీసి ఎండలోకి దిగాడు. కాపలా మనిషి "ఏం మేస్త్రీ, ఇంత పెందలాడే?" అని అరిచాడు. మేస్త్రి చెయ్యి ఊపి, వెనక్కి తిరక్కుండా, కుడి భుజం కిందికి దిగిన ఆ నడకతోనే వీధి మలుపు తిరిగిపోయాడు.

చిన్నగదిలో బల్ల మీద స్టీలు గిన్నె చల్లగా చెమర్చి కూర్చుంది. చెంచా కింద, ఒక అంచున, పెరుగు నుంచి విడివడి సన్నటి పచ్చటి నీటిగీత తేలుతోంది.