మెల్వాలు

"ఏం భాషరా అది?" అని అడిగి, జవాబు వచ్చేలోపే జక్కయ్య అరికాళ్ల మీద లాఠీతో బాదాడు ఇన్‌స్పెక్టరు వెంకటసుబ్బారావు. ఊళ్లో విద్యార్థుల ఉద్యమం మొదలైనప్పటి నుంచీ జవాబు కోసం ఆగే ఓపిక ఆయనకు లేదు.

"సిందారిన్ అండీ. ఒక ఇంగ్లీషాయన కల్పించిన భాషండీ. కథల్లో ఎల్ఫులని ఉంటారు, దేవతల్లాంటివాళ్లు, వాళ్లు మాట్లాడతారు" అన్నాడు జక్కయ్య ఏడుస్తూ. పాపం, కుర్రాడు అక్షరాలా నిజమే చెప్పాడు. అందుకు మరో నాలుగు పడ్డాయి.

ముందురోజు ఏలూరు రోడ్డులో లాఠీచార్జి జరుగుతుండగా బాలశౌరి విసిరిన రాయి తగిలి ఓ కానిస్టేబులు కన్ను పోయింది. అసలు పేరు బయటపడకూడదని జక్కయ్య "మెల్వాలూ, పారిపో!" అని అరిచాడు. రాయి వేసినవాడు పారిపోయాడు, అరిచినవాడు దొరికాడు. ఇద్దరూ బి.ఏ. క్లాసులు ఎగ్గొట్టి, కాలవగట్టు మీద కూర్చుని, పాత పుస్తకాల షాపులో కొన్న లావుపాటి పుస్తకంలోంచి ఆ భాష మాటలు అతకడం నేర్చుకున్న ప్రాణస్నేహితులు. బాలు దొరికితే స్టేషన్లోంచి ప్రాణాలతో బయటికి రాడని జక్కయ్యకు తెలుసు.

"మెల్ అంటే?"

"ప్రేమండీ."

"వాలు?"

జక్కయ్య పళ్లు బిగించాడు. ఇన్‌స్పెక్టరు వాడి చిటికెనవేలు పట్టుకుని వెనక్కి విరిచాడు. ఎముక విరిగిన చప్పుడు గుమ్మంలో సెంట్రీకి కూడా వినిపించింది.

"రెండు మాటలు కలిపితే రెండోదాని మొదటి అక్షరం మెత్తబడుద్దండీ!" అని కేక పెట్టాడు జక్కయ్య. పేరు మాత్రం చెప్పలేదు.

ఇన్‌స్పెక్టరు మొహం వెలిగిపోయింది. పోలీసుల్లో చేరకముందు ఆయన తెలుగు విద్వాన్ ప్యాసయ్యాడు.

"ఓస్, గసడదవాదేశం! అన్నకి తమ్ముడు కలిస్తే అన్నదమ్ములు. వాడు పోయె అంటే వాడువోయె. త ద అవుద్ది, ప వ అవుద్ది. అది వాలు కాదురా, పాలు! నిన్న రోడ్డు మీద పాలక్యాన్ల సైకిలోడు ఒకడున్నాడే, లాక్కురండి వాణ్ణి!"

హోటళ్లకు పాలు పోసుకుని బతికే ముసలాయన బసవపున్నయ్యను గంటలో ఈడ్చుకొచ్చారు. "నాకేం తెలవదు బాబో" అంటుంటేనే మూతి మీద కొట్టారు. పళ్లు ఊడి నేల మీద పడ్డాయి. తర్వాత మోకాళ్లు పగలగొట్టారు. ముసలాయన తల్లిని పిలిచాడు, పెళ్లాన్ని పిలిచాడు, చివరికి తనను కొడుతున్నవాళ్లనే అయ్యా, నాయనా అని బతిమాలాడు.

జక్కయ్య ఇక చూడలేకపోయాడు.

"పాలు కాదండీ, బాలు! ఆ భాషలో వ అయ్యేది బ అండీ! బాలశౌరి! రాయేసింది బాలశౌరి!"

చెప్పేశాక తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా ఆ ముసలాయన బతికితే చాలనుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు ఫక్కున నవ్వాడు. "బ సరళంరా వెధవా. ముందే మెత్తంది. అదింకేం మెత్తబడుద్ది? నాకే వ్యాకరణం నేర్పుతున్నావా?"

కానిస్టేబులు చేతిలోంచి లాఠీ తీసుకుని ఈసారి తనే మొదలుపెట్టాడు. జక్కయ్య బాలశౌరి తండ్రి పేరు చెప్పాడు, వీధి చెప్పాడు, దాక్కున్న ఇల్లు కూడా చెప్పాడు. ఎవరూ వినిపించుకోలేదు. కాసేపటికి బసవపున్నయ్య కేకలు ఆగిపోయాయి.