కట్టిన చేతులే

రేపు తెల్లారేసరికి చేయాల్సిన పనులు చాలానే ఉన్నాయి. వచ్చేవాళ్ల కోసం బైనాక్యులర్లు తుడిచి పెట్టాలి. బ్యాటరీలు ఛార్జింగుకి పెట్టాలి. వ్యాను డ్రైవరుకి దారి చెప్పాలి. పడవ తాతకి ఇంకోసారి గుర్తు చేయాలి. అక్క వేళ్లు మడుస్తూ అనుకుంటోంది.

పక్షుల్ని చూపించే ఈ యాత్రల ఏర్పాట్లన్నీ అక్కవి, ఫొటోలు తమ్ముడివి. అతన్ని అందరూ కొంగ అనే పిలిచేవారు. కాళ్లు అంత పొడుగు మరి.

కొంగ పొద్దున తీసిన ఫొటోలు కంప్యూటర్లో చూపిస్తూ మురిసిపోతున్నాడు. నీళ్లలో పెరిగిన జమ్ము మధ్య ఊదా కొంగ గూడు, అందులో నోళ్లు తెరుచుకున్న పిల్లలు.

"చూడవే అక్కా, కొంగ తీసిన కొంగలు!"

"చాల్లే సంబడం," అని నవ్వబోయి ఆగింది అక్క. "ఆ మూలన పసుపు తాడేంట్రా?"

కొంగ మొహం వాడిపోయింది. అడ్డొచ్చిన జమ్ముని పక్కకి లాగి కట్టాడు. ఫొటోలయ్యాక విప్పడం మరిచిపోయాడు.

"ఎండ నడినెత్తికొచ్చింది. ఉన్న నీడ తీసేసి, గద్దకి విస్తరేసి వచ్చావు కదరా!"

"పడవ తాత సంతకెళ్లాడే. సాయంత్రానికి గానీ రాడు."

"అందాకా అవి బతుకుతాయా? రేపొచ్చేవాళ్లకి ఆ తాడు చూపిస్తావా? కట్టిన చేతులే విప్పాలి."

"సర్లే తల్లీ, కొంగలకి పడవెందుకు," అంటూ తొడల దాకా వచ్చే రబ్బరు బూట్లు తొడుక్కుని వెళ్లిపోయాడు.

ఆ చెరువులో మట్టి తవ్విన గోతులు నాచు కింద ఉన్నాయని ఇద్దరికీ తెలుసు. పడవ లేకుండా ఎవరూ దిగకూడదని నియమం పెట్టింది కూడా అక్కే. ఆగరా అన్న మాట ఆమె నాలుక దాకా వచ్చింది. కోపం తీరక మింగేసింది. బైనాక్యులర్లు తుడవడానికి కూర్చుంది.

అవన్నీ తుడవడం అయింది. బ్యాటరీలూ నిండాయి. కొంగ రాలేదు. అక్క గట్టు మీదికి పరుగెత్తి, గొంతు పోయేదాకా పిలిచింది.

సంత నుంచి వచ్చిన పడవ తాత సంచీ గట్టున పడేసి ఆమెను ఎక్కించుకున్నాడు. గూటి ముందు జమ్ము మళ్లీ నిటారుగా నిలబడి ఉంది. తాడు లేదు. గూట్లో పిల్లలూ లేవు, రెండు ఈకలు తప్ప.

కొంగ గట్టుకి దగ్గర్లోనే, వెనక్కి వచ్చే దారిలో, గోతిలో దొరికాడు. బూట్ల నిండా నీళ్లు. పసుపు తాడు చక్కగా చుట్ట చుట్టి చొక్కా జేబులో ఉంది.

"ఖాళీ గూటికి నీడెందుకురా నాయనా," అని తాత తల పట్టుకున్నాడు.

ఎందుకో అక్కకి తెలుసు. విప్పమని తను చెప్పింది. వాడు విప్పాడు.

ఆమె ఇప్పటికీ యాత్రలు నడుపుతోంది. ఆ తాడు పడవ ముక్కుకి కట్టి ఉంటుంది. ఎవరైనా అడిగితే పక్కకి చూస్తుంది.

మీరెప్పుడైనా కెమెరా పట్టుకుని గూటి ముందు నిలబడి, అడ్డొచ్చిన జమ్ము మీద చెయ్యి వేస్తే, ఆ పొడుగు కాళ్ల కుర్రాణ్ణి ఒక్కసారి తలుచుకోండి. పేరు తెలియకపోయినా ఫర్వాలేదు. కొంగా అంటే పలికేవాడు.