జున్ను కంటిలో నీలి చుక్క

మా తమ్ముడు వీరేశం తన పేరు కింద 'బ్రీడర్' అని రాసుకుంటాడు. కోదాడలో వాడి ఇంటి గేటుకు బోర్డు కూడా ఉంది. దాని మీద మూతి నలిగిన కుక్క బొమ్మ, కుక్క తలమీద కిరీటం. ఆ బొమ్మలోని కుక్కకు ఉన్నపాటి మెదడు బోర్డు పెట్టించినవాడికి ఉంటే నాకు ఇదంతా రాసే పని తప్పేది.

నేను సూర్యాపేటలో ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్తాను. ఏటా బోర్డు మీద నాలుగు గళ్ల పెట్టె గీసి, తల్లి దగ్గర్నుంచి ఒక జన్యువు, తండ్రి దగ్గర్నుంచి ఒక జన్యువు అని చెప్పీ చెప్పీ నా గొంతు అరిగిపోయింది. పిల్లలకు అర్థం కాకపోయినా మార్కుల కోసం బట్టీ అయినా పడతారు. వీరేశానికి ఆ భయం కూడా లేదు. వాడి చదువంతా ఫోన్‌లో, అదీ నిమిషం దాటని వీడియోల్లో.

ఫ్రెంచ్ బుల్‌డాగ్ అంటే తెలియనివాళ్లకు చెప్తాను. చప్పిడి ముక్కు, గబ్బిలం చెవులు, మన ఎండకు ఊపిరాడని కుక్క. ఏసీ లేకపోతే దానికి ఏప్రిల్ గడవదు. జతకట్టించాలంటే డాక్టరు కావాలి, కనాలంటే కడుపు కోయాలి. అలాంటి ప్రాణిని పుట్టించిన మనుషులు దాని ఊపిరి సంగతి వదిలేసి రంగు గురించి కొట్టుకు చస్తుంటారు. మొదట బ్లూ అన్నారు, అంటే నీలం కలిసిన బూడిదరంగు. బ్లూ అందరిళ్లలోకీ వచ్చేసరికి ఇప్పుడు మెర్ల్ అంటున్నారు. మెర్ల్ అంటే బూడిదరంగు ఒళ్లంతా నల్ల సిరా చిలకరించినట్టుండే మచ్చల కుక్క. వీరేశం కూడా మెర్ల్ పిల్లల్ని పుట్టిస్తానని గ్రూపులన్నిటిలో చాటింపు వేశాడు.

వాడి దగ్గరున్నదేమో ఒక్క జున్ను. క్రీమ్ రంగు ఆడకుక్క. కోదాడలో పెట్టుకుంటే దానికి ఏసీ వేయలేక వాడి భార్య మొత్తుకుంది. దాంతో చిన్నప్పుడే నా ఇంటికొచ్చి పడింది. పేరుకు వాడి కుక్క. కంచంలో పెట్టేది నేను, ముడతల్లో చెమట తుడిచేది నేను, రాత్రి దాని గురక వినేది నేను. నేను కాలేజీ నుంచి రాగానే చెప్పు ఒకటి నోట కరుచుకుని తీసుకెళ్లి తన పక్కమీద పెట్టుకుని, ఇక ఎటూ పోలేవు కదా అన్నట్టు చూస్తుంది. నాకు అదంటే ప్రాణం. దాచుకోవడానికేం లేదు.

ఒక ఉదయం మెట్ల మీద ఎండలో దాని మొహం తుడుస్తుంటే ఎడమ కంట్లో చిన్న నీలి చుక్క కనిపించింది. గోధుమరంగు కనుపాపలో ఒక మూల, గోటితో గిల్లినంత. నా గుండె జారింది. ఎందుకో చెప్పాలి. క్రీమ్ రంగు ఖాళీ రంగు కాదు, ముసుగు. కింద ఏముందో పైకి కనపడనివ్వదు. మచ్చల గుణం లోపలున్నా ఒంటిమీద ఒక్క మచ్చా రాదు. ఒక్కోసారి కంట్లో మాత్రం అలా బయటపడుతుంది. మచ్చల గుణం ఒకవైపు నుంచే వస్తే పిల్ల మచ్చలతో పుడుతుంది. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ వస్తే మచ్చలు కూడా మిగలవు, ఒళ్లు తెల్లబడుతుంది. చాలాసార్లు ఆ పిల్లకు చెవులు వినపడవు, కళ్లు సరిగా ఏర్పడవు.

వారం తిరక్కుండానే వీరేశం వచ్చాడు. మిర్యాలగూడలో రైసు మిల్లున్న రాజారత్నం దగ్గర సుల్తాన్ అనే మెర్ల్ మగకుక్క ఉందట. జున్నును దానితో కట్టిస్తాడట. బదులుగా పుట్టిన పిల్లల్లో రాజారత్నం ముందుగా ఒకదాన్ని ఏరుకుంటాడట.

"ముందు జున్నుకు టెస్టు చేయించు. బుగ్గలోపల పుల్లతో రుద్ది ల్యాబుకు పంపితే చాలు," అన్నాను.

"దానికెందుకక్కా? సుల్తాన్‌ది చేయించిండ్రు. రిపోర్ట్ గీడనే ఉంది, సూడు."

"సుల్తాన్ ఒంటిమీద మచ్చలు గుడ్డివాడికి కూడా కనిపిస్తయి. దానికెందుకు రిపోర్టు? చూడాల్సింది దీన్ని."

వాడు నన్ను జాలిగా చూశాడు. "మన ఇంట్ల పుట్టి గిట్ల మాట్లాడ్తవేందక్కా? ఏనాడన్న గొర్రె రంగు సూసినమా మనం?"

వాడి తెలివి ఎక్కడిదో నాకు తెలుసు. మాది గరిడేపల్లి దగ్గర గొర్లు కాసుకునే ఇల్లు. మా నాయన పొట్టేలును కొనాలంటే దాని చుట్టూ పెళ్లిచూపుల్లాగా కూర్చునేవాడు. నోరు తెరిచి పళ్లు చూసేవాడు, నడుం నొక్కేవాడు, వృషణాలు తడిమేవాడు, దాని తల్లి ఎన్ని ఈతలు ఈనిందో మూడిళ్లలో వాకబు చేసేవాడు. ఆడగొర్లనైతే మందగా తోలుకొచ్చేవాడు, ఒక్కదాని మొహం కూడా చూసేవాడు కాదు. మందకు ఏ గుణమైనా పొట్టేలు నుంచే వస్తుందని మా ఇంట్లో నమ్మకం. వంద ఆడగొర్లకు ఒక్క పొట్టేలు ఉన్నచోట ఆ ఒక్కదాన్నే చూసుకోవడంలో కొంత అర్థం ఉంది. వీరేశం దగ్గర ఉన్నది ఒక్క కుక్క. దాన్నీ మంద కిందే జమ కట్టాడు.

"దాని కంట్లో నీలి చుక్క ఉంది, చూడు. లోపల మెర్ల్ ఉందేమో. రెండూ కలిస్తే గుడ్డివి, చెవిటివి పుడతయిరా."

వాడు జున్ను గడ్డం పట్టుకుని ఎత్తి చూశాడు. "గిది దుమ్ము పడి అయ్యింటది. తెల్లదాంట్ల ఏముంటదక్కా, ఖాళీ గద. సుల్తాన్ రంగే దిగుతది."

ఖాళీ అట. జున్ను వాడి చెయ్యి నాకింది. నేను పిచ్చిదాన్ని కాబట్టి కాగితం తీసి నాలుగు గళ్లు గీశాను. వాడు దాని వంక కూడా చూడకుండా సుల్తాన్ వీడియో చూపించాడు. వీడియోలో వీడే, రాజారత్నం ఎదుట సుల్తాన్ నోరు తెరిచి పళ్లు చూస్తున్నాడు, నడుం నొక్కుతున్నాడు. మిల్లు గుమస్తాలు నవ్వుతున్నారు. నాకు నవ్వు కూడా రాలేదు. టెస్టు లేకుండా జున్నును గడప దాటనివ్వనని చెప్పి పంపేశాను.

మార్చి నెలాఖరుకు ఇంటర్ పేపర్లు దిద్దడానికి నల్గొండ వెళ్లాల్సి వచ్చింది. జున్నుకు తోడుగా మా అమ్మ భద్రమ్మను ఊరి నుంచి పిలిపించి ఇంట్లో పెట్టాను. తిరిగొచ్చేసరికి చెప్పు అడగడానికి గుమ్మంలోకి ఎవరూ రాలేదు. జున్ను ఏసీ కింద అలిసిపోయి పడుకుని ఉంది.

"తమ్ముడొచ్చి మిర్యాలగూడ తీస్కపోయి తెచ్చిండు," అంది అమ్మ. "నువ్వు ఒప్పుకున్నవని జెప్పిండు. లేదా?"

లేదన్నాను.  అమ్మ జున్ను పక్కన కూర్చుని దాని వీపు నిమిరింది.

ఫోన్ చేసి తిట్టాను. నా నోటికి వచ్చిందంతా తిట్టాను. వాడు ఓపిగ్గా విని, "అయిపాయె గదక్కా, ఇగ పరేషాన్ గాకు," అన్నాడు. వాడికి ఓపిక ఎక్కువ. సిగ్గు లేనివాళ్లకు అది ఉచితంగా వస్తుంది.

జున్ను ఎండాకాలమంతా బరువు మోసింది. పడుకుంటే ఊపిరాడక కూర్చుని నిద్రపోయేది. తలను నా మోకాలి మీద ఆనించుకుని కునికేది. చివరికి కుక్కల డాక్టరు కడుపు కోసి ఐదు పిల్లల్ని తీసింది. ఒకటి నల్లది, ముగ్గురు మచ్చలవాళ్లు. ఐదోది తెల్లది. పాలమీగడలాంటి తెలుపు కాదు, ఉతికిన గుడ్డ తెలుపు. ముక్కు గులాబి రంగు. ఒక చెవి కొసన బూడిద మరక.

"అబ్బ, ఏముందక్కా ఇది," అన్నాడు వీరేశం, ఫోన్ తీస్తూ. డాక్టరమ్మ నా మొహం చూసింది. మా ఇద్దరికీ తెలుసు.

మిగతా పిల్లలు కళ్లు తెరిచినప్పుడు అదీ తెరిచింది. ఒక కన్ను బఠాణీ గింజంత. రెండోది పెద్దదే కానీ చూపు ఎటు ఉందో దానికే తెలియదు. గిన్నె చప్పుడుకు నలుగురూ పరిగెత్తుకొచ్చేవారు. అది పడుకునే ఉండేది. జున్ను వెళ్లి మూతితో తోస్తే అప్పుడు లేచేది. జున్ను రోజంతా దాన్నే కనిపెట్టుకుని ఉండేది. నా చెప్పులు కూడా మానేసి, పక్కమీద దాన్నే పెట్టుకునేది.

పిల్లలు పాలు మానాక రాజారత్నం కారులో వచ్చాడు, తన పిల్లను ఏరుకోవడానికి. వీరేశం కోదాడ నుంచి ముందే వచ్చి పిల్లలకు పౌడరు రాశాడు. పెద్దవాళ్లను చూస్తే వాడి మాట మారి 'అండి' వచ్చేస్తుంది, ఆంధ్రా సరిహద్దున ఉన్న కోదాడ గాలి.

"చూడండి సార్, మీ ఇష్టమండి, ఏదైనా తీసుకోండి."

రాజారత్నం చెయ్యి తిన్నగా తెల్లదాని మీదికి పోయింది. "గిదే. నేను గిసుంటి తెల్లదాన్ని యాడ సూడలే."

"మంచి సెలక్షన్ సార్. చాలా రేర్ అండి."

నేను వంటింట్లోకి వెళ్లి కుక్కర్ మూత తెచ్చి, ఆ తెల్లపిల్ల వెనక నిలబడి బండలమీద వేశాను. రాజారత్నం ఉలిక్కిపడ్డాడు. పిల్లలు మంచం కిందికి దూరాయి. జున్ను మొరిగింది. తెల్లపిల్ల అతని బూటు వాసన చూస్తూనే ఉంది.

"దానికి వినపడదు," అన్నాను. "కళ్లు కూడా దాదాపు లేవు. తండ్రి నుంచి మచ్చలు, తల్లి నుంచి మచ్చలు వచ్చినయి. మా తమ్ముడికి ముందే చెప్పాను. తల్లికి టెస్టు చేయించలేదు."

వీరేశం మొహం మాడింది. "పెద్దగైతే వస్తయి సార్, చెవులు," అన్నాడు. అబద్ధం చెప్పేటప్పుడు వాడికి అండి కూడా గుర్తుండదు.

రాజారత్నం పిల్లను ఎత్తి మొహం ముందు పెట్టుకుని చూశాడు. మనిషన్నవాడు వద్దంటాడనుకున్నాను. వద్దంటే నేనే ఉంచుకుందామని అప్పటికే మనసులో దానికి చోటు కూడా చూసుకున్నాను.

"రాకున్నా ఏమాయె మేడం," అన్నాడతను. "ఇంట్లనే ఉంటది. దివాలీ బాంబులకు భయపడదు. ఫొటోకు చెవులతోని ఏం పని? వీరేశం, మా బావమరిది గూడ అడుగుతడు. వచ్చేపారి ఇసుంటియే రెండు సూడు."

కారులో ఏసీ వేసి పిల్లను తీసుకుపోయాడు. జున్ను గేటు దాకా వెళ్లి, గేటు సందులో మూతి పెట్టి, అమ్మ ఎత్తుకొచ్చేదాకా అక్కడే ఉంది. నేను ఆపలేకపోయాను. ఒప్పందం వాళ్లది, కుక్క వాళ్లది, నాది ఒట్టి చదువు.

ఆ సాయంత్రం వీరేశం వెళ్లకుండా నా ఎదురుగా నేలమీద కూర్చున్నాడు. కుక్కబిస్కెట్ల అట్టపెట్టె చింపి, పెన్ను తీసి, నాలుగు గళ్లు గీశాడు. పైన తండ్రివి రెండు, పక్కన తల్లివి రెండు. మెల్లగా గళ్లన్నీ నింపాడు. ఒక్క తప్పు లేదు.

"గిదే గదక్కా నువ్వు ఆనాడు జెప్పింది? గీ ఒక్క గడిల రెండు దిక్కులకెల్లి వచ్చింది, తెల్లది. నాలుగింట ఒకటి."

"అదే," అన్నాను. ఒక్క క్షణం, ఎంత తెలివితక్కువదాన్నో, నాకు సంతోషం వేసింది.

"అంటే జున్నును సుల్తాన్‌కే మల్ల కట్టిస్తే పక్కా ఒకటన్న వస్తది. అదృష్టముంటె రెండు. గా తెల్లదాని ఫొటోకు పొద్దటిసంది మెసేజులు ఆగుతలేవు. నేనే ఆగమైన అక్కా, ముందే నీ మాట ఇని నేర్సుకుంటే అయిపోతుండె."

ఇన్నేళ్లలో నేను చెప్పింది ఇంత శుభ్రంగా అర్థం చేసుకున్న విద్యార్థి ఇంకొకరు లేరు.  వాడి అజ్ఞానాన్ని ఇన్నాళ్లూ ఏవగించుకున్నాను. అది ఎంత మర్యాదైన వస్తువో అప్పుడు తెలిసింది.

అమ్మ గుమ్మంలో నిలబడి అంతా విన్నది. "మీ నాయన మందల గుడ్డిపిల్ల పుడితే గా పొట్టేలునే అమ్మి పారేసేటోడు," అంది. "నువ్వేందిరా, మల్ల గదే కావాలంటున్నవ్?"

"అది గొర్రెలమ్మా, ఇది వేరే లైన్," అన్నాడు వీరేశం.

జున్ను కడుపు కుట్లు పూర్తిగా మానాయని డాక్టరమ్మ చెప్పిన రోజే కాలేజీకి సెలవు పెట్టి, దాన్ని ఆటోలో ఎక్కించుకుని, గర్భసంచి తీయించాను. అమ్మ కూడా వచ్చింది. దారి పొడుగునా కొంగుతో జున్నుకు విసురుతూనే ఉంది.

వీరేశానికి తెలిసి మరునాడే వచ్చాడు. గేటు దగ్గర్నుంచే మొదలుపెట్టాడు. "నా కుక్కక్కా అది. నన్నడగకుండ ఎట్ల కోయిస్తవ్?"

"నువ్వు మిర్యాలగూడకు నన్నడిగే తీసుకపోయినవా?"

వాడు వరండాలో కూలబడ్డాడు. కట్టుతో ఉన్న జున్ను నెమ్మదిగా నడిచొచ్చి వాడి చెప్పు ఒకటి నోట కరుచుకుంది. పాపం, దానికి మనుషుల్లో తేడా తెలియదు.

"తెల్లపిల్లలు ఇస్తనని నలుగురికి మాటిచ్చిన," అన్నాడు. "ఇప్పుడు గాళ్లకు ఏం జెప్పాలె?"

"రాజారత్నం కారెక్కించేటప్పుడు ఆ పిల్లకు ఏం చెప్పినవో, వాళ్లకు అదే చెప్పు."

వాడు నిజంగానే ఆలోచించాడు.

"దానికేం జెప్పలే అక్కా," అన్నాడు చివరికి. "దానికి ఇనబడదు గద."